పిల్లలు రోడ్డు మీద తెలియని మనుషుల్ని ఆటపట్టిస్తే "సరదాయే కదా" అని వదిలెయ్యొచ్చా?

అమ్మా, మీరు అడిగింది ముందు నా మాటల్లో ఓసారి చెప్తాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూసుకోండి. విజయనగరంలో అపార్ట్‌మెంట్‌లో ఉంటారు, బాబుకి పదేళ్లు. సెలవుల్లో సాయంత్రం పూట ఇంకో ముగ్గురు నలుగురితో కలిసి కిందకి దిగుతాడు. పర్సుకి దారం కట్టి రోడ్డు మీద పడేసి ఎవరైనా వంగితే లాగెయ్యడం, రెండో అంతస్తులో ఒక్కరే ఉండే మామ్మగారి కాలింగ్ బెల్ కొట్టి పారిపోవడం, పోయిన వారం అయితే గేటు చాటు నుంచి బండి మీద వెళ్తున్న ఒకాయన మీదకి నీళ్ల బెలూన్ విసరడం. ఆయన పడలేదు గానీ బండి ఆపి గట్టిగా తిట్టి వెళ్లాడు. మీ ఆయనేమో "మేం చిన్నప్పుడు ఇంతకంటే ఎక్కువే చేశాం, ఏమైపోయింది, వదిలెయ్" అంటున్నారు, మీకేమో మనసొప్పట్లేదు.

నా జవాబు ఇది. తెలియని మనిషి మీద, అందులోనూ రోడ్డు మీద చేసేది సరదా కింద రాదు. అలాగని మీ బాబు చెడ్డపిల్లాడూ కాదు, పదేళ్లకి ఈ బుద్ధి పుట్టకపోతేనే నేను ఆశ్చర్యపోతాను. వాణ్ణి కొట్టక్కర్లేదు, పోలీసు పేరు చెప్పి బెదిరించక్కర్లేదు, కానీ వదిలెయ్యకూడదు. ఎందుకంటున్నానో చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నేను 32 ఏళ్లు హైస్కూళ్లలో డ్రిల్ మాస్టారుగా చేశాను, చీపురుపల్లి వైపు కొన్నాళ్లు, గజపతినగరం వైపు ఎక్కువకాలం, ఆఖర్లో విజయనగరం టౌన్లో. క్లాసులో మాస్టార్లకి పిల్లలు ఒకలా కనిపిస్తారు, గ్రౌండ్‌లో నాకు ఇంకోలా కనిపిస్తారు. గోడ దూకేవాళ్లు, సైకిల్ గాలి తీసేసేవాళ్లు, బస్సు వెనక నిచ్చెన పట్టుకుని వేలాడేవాళ్లు అందరూ నాకు దగ్గరే, వాళ్ల మీద ఊళ్లోంచి వచ్చే ఫిర్యాదులూ నా దగ్గరకే వచ్చేవి. అందుకే ఈ విషయంలో నాకు తెలిసింది పుస్తకంలో చదివింది కాదు.

ముందు మీ ఆయన మాటకి. ఆయన చెప్పింది అబద్ధం కాదు, మేమూ చేశాం. మా ఊళ్లో సంక్రాంతి నెల పెట్టగానే భోగి దుంగల వేట మొదలయ్యేది. రాత్రి పడుకున్నాక గుంటలందరం లేచి విరిగిన మంచం కోళ్లు, పశువుల శాల దగ్గర పడున్న పాత రాటలు, ఎవరింటి తడకో, ఏది దొరికితే అది ఎత్తుకొచ్చి దాచేవాళ్లం. భోగి రోజు తెల్లారగట్ట ఆ తడక గల మనిషే వచ్చి "నా తడకేనా రా ఇది, సచ్చినోళ్లారా" అని తిట్టి ఆ మంట దగ్గరే చేతులు కాచుకునేవాడు. వినాయక చవితి రాత్రి పొరపాట్న చంద్రుణ్ణి చూసేస్తే నీలాపనిందలు పడతామని పక్కింటి పెంకుల మీద గులకరాయి వేసి తిట్లు తినేవాళ్లం, ఆ తిట్టే ఆవిడకి కూడా ఆ రాయి ఎందుకు పడిందో తెలుసు.

ఒకేడాది మేం అయిదుగురం తెలియక మా పెదనాన్న ఎద్దుల బండి కాడి పట్టుకెళ్లి మంటలో పడేశాం. తెల్లారి ఆయన చూసి సగం కాలిన కాడిని మంటలోంచి లాగి, దాన్ని భుజాన వేసుకుని అయిదుగురి ఇళ్లకీ తిరిగాడు. అరవలేదు, కొట్టలేదు. గుమ్మంలో ఆ నల్లటి కాడి దింపి "ఇదిగో మీవోడు చేసిన పని, వడ్రంగి కూలికి నీ వాటా ఇంత" అని చెప్పి తీసుకెళ్లాడు. ఆ తర్వాత మేం ఏ దుంగ ముట్టుకున్నా ముందు ఇది ఎవరికైనా పనికొచ్చేదా కాదా అని చూసుకునేవాళ్లం.

మీ ఆయనకి ఇదే చెప్పండి. ఆ రోజుల్లో మన అల్లరికి చుట్టూ ఒక కంచె ఉండేది. ఎవరిల్లో, ఎవరి కొడుకో, ఏ గుమ్మం దగ్గర ఏడాదికో రోజు నవ్వుతారో, ఏ గుమ్మంలో రోగిష్టి మనిషి ఉందో ఊరందరికీ తెలుసు. హద్దు దాటితే మధ్యాహ్నానికల్లా కబురు ఇంటికొచ్చేది. ఇప్పుడు మీ గేటు ముందు నుంచి వెళ్లే బండి ఆయన ఎవరో మీ బాబుకి తెలీదు, ఆయనకి మీ బాబు ఎవరో తెలీదు. పని ఒకటేలా కనిపిస్తుంది గానీ రెండూ ఒకటి కావు.

కబడ్డీ చూడండి. కూతకొచ్చినవాణ్ణి ఏడుగురు కలిసి కాళ్లు పట్టి కింద పడేస్తారు, మోచేతులు గీరుకుపోతాయి, ఎవడూ ఏడవడు, ఎవడూ తిట్టడు. ఎందుకంటే వాడు గీత దాటొచ్చింది తెలిసే, తన్నులుంటాయని తెలిసే. ఆ ఆటలో లేని మనిషిని, గ్రౌండ్ పక్క నుంచి నడిచిపోతున్నవాణ్ణి అలాగే పట్టి పడేస్తే దాన్ని ఏమంటాం? ఆట అంటే అవతలి మనిషికి కూడా అది ఆట అని తెలిసుండాలి. మా పిల్లలకి నేను ఎప్పుడూ చెప్పింది ఈ ఒక్క మాటే, ఆరో తరగతి పిల్లాడికి కూడా ఠక్కున ఎక్కేది.

ఇంక ప్రమాదం సంగతి. ఒక వేసవిలో నేను చేసే ఊళ్లో ఎనిమిది, తొమ్మిది చదివే నలుగురు కుర్రాళ్లు రెండు తుమ్మచెట్ల మధ్య రోడ్డుకి అడ్డంగా నైలాన్ దారం కట్టారు, వల అల్లేది ఉంటుంది చూడండి, సన్నంగా, సందె వెలుగులో కంటికి ఆనదు. ఎవడైనా సైకిల్ మీద వస్తే టోపీయో తలగుడ్డో లేచిపోతుంది, నవ్వుకోవచ్చు అన్నది వాళ్ల ఆలోచన. వచ్చింది పాలాయన, టీవీఎస్ బండి మీద, రెండు వైపులా క్యాన్లు. దారం ఆయన ఛాతీకి తగిలింది. ఇంకో జానెడు పైకి కట్టి ఉంటే మెడకి తగిలేది, అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. కాలర్ బోన్ విరిగింది, పాలన్నీ మట్టిపాలు, ఆరు వారాలు పని లేదు. పిల్లలు భయపడి పారిపోయారు, ఆయన అలాగే రోడ్డు పక్కన పడున్నాడు, ఎవరో పొలం నుంచి వస్తూ చూసేదాకా.

ఆ తర్వాత నేను గ్రౌండ్‌లో ఒక పని చేయించాను, మీరూ చేయించొచ్చు. గంటకి 36 కిలోమీటర్ల స్పీడుని 5/18తో గుణించమన్నాను. సెకనుకి 10 మీటర్లు వచ్చింది. కబడ్డీ కోర్టు వెడల్పు సరిగ్గా 10 మీటర్లు. ఈ గీత దగ్గర ఒకణ్ణి నిలబెట్టి ఆ గీత దాకా చూపించి "నీ ముఖం మీద నీళ్లు పడ్డాయి, కళ్లు మూసుకున్నావు, తెరిచావు, ఈలోపు బండి అక్కడుంది, మధ్యలో గొయ్యి ఉండొచ్చు, మేక ఉండొచ్చు, ఎదురుగా లారీ ఉండొచ్చు" అన్నాను. అంతసేపూ నవ్వుతున్న పిల్లలు ఆ గీత వైపు చూస్తూ ఉండిపోయారు. మీ బాబు విసిరిన బెలూన్‌లో ఉన్నది గ్లాసెడు నీళ్లే, నిజమే. కానీ ఆయన వెనక సీట్లో చంటిపిల్ల ఉన్న తల్లి కూర్చుని ఉంటే? మీరు పార్కింగ్‌లోనే 10 మీటర్లు టేపుతో కొలిచి సుద్దముక్కతో గీసి చూపించండి, వంద మాటల కంటే బాగా పనిచేస్తుంది.

రైలు మీద రాళ్లు విసరడం కూడా ఈ లెక్కే. పలాస నుంచి ఆమదాలవలస, చీపురుపల్లి, విజయనగరం మీదుగా వెళ్లే మెయిన్ లైను పక్కన ఉన్న ఊళ్లలో ఇది పాత జబ్బు. రైలు 110 స్పీడులో ఉంటే సెకనుకి 30 మీటర్ల పైమాటే, ఊరికే చెయ్యి చాపి రాయి వదిలినా కిటికీ దగ్గర కూర్చున్న మనిషికి అది ఆ వేగంతోనే తగులుతుంది. 2023 జనవరిలో సికింద్రాబాద్-విశాఖ వందేభారత్ రైలు ఇంకా మొదలవకముందే విశాఖ కంచరపాలెం దగ్గర రాళ్లు పడి అద్దాలు పగిలాయి. రైల్వే చట్టం 1989లో 153వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలు ఉంది, మనుషుల్ని గాయపరచాలని విసిరారని తేలితే 152 కింద పదేళ్లు, యావజ్జీవం దాకా కూడా ఉంది. మీ బాబు అక్కడిదాకా వెళ్లలేదు, వెళ్లకూడదనే చెప్తున్నాను. బెలూన్ విసిరిన చెయ్యి రాయి దాకా రావడానికి పెద్ద దూరం లేదు, పక్కన నలుగురు "వెయ్యి రా, వెయ్యి" అనేవాళ్లుంటే చాలు.

చట్టం సంగతి చాలామంది తల్లిదండ్రులు అడుగుతారు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. 2024 జూలై 1 నుంచి ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 20వ సెక్షన్ ప్రకారం ఏడేళ్ల లోపు పిల్లలు చేసింది నేరమే కాదు. 21 ప్రకారం ఏడు నుంచి పన్నెండు లోపు వాళ్లకి తాము చేస్తున్నదేంటో, దానివల్ల ఏమవుతుందో తెలిసే బుద్ధి ఇంకా రాకపోతే అదీ నేరం కాదు. నేరం కిందకి వచ్చినా పద్దెనిమిది లోపు అయితే పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు చూస్తుంది. కాబట్టి పదేళ్ల పిల్లాణ్ణి "జైల్లో వేసేస్తారు" అని బెదిరించడం నిజం కాదు, మంచిదీ కాదు.

ఇప్పుడు పర్సుకి దారం కట్టే ఆట. దీనిలో ఎవరూ పడరు, ఎవరికీ దెబ్బ తగలదు, మరి ఇదీ తప్పేనా అంటారు. నేను కళ్లారా చూసింది ఒకటి చెప్తాను.

మే నెల, మిట్టమధ్యాహ్నం. కుర్రాళ్లు ఇరవై రూపాయల నోటుకి దారం కట్టి కల్వర్టు వెనక దాక్కున్నారు, నేను కొంచెం దూరంలో కొబ్బరిబొండాల బండి దగ్గర ఉన్నాను, నాకూ అప్పటికి సంగతి తెలీదు. తాటి ముంజలు అమ్ముకునే ఒక ముసలావిడ తలమీద తట్టతో వస్తోంది. నోటు చూసి ఆగింది. అటూ ఇటూ చూసింది. తలమీద బరువుంటే వంగలేరు కదా, అందుకని మోకాళ్లు వంచి, తట్ట రెండు చేతులా పట్టుకుని మెల్లగా కిందకి దించింది, చుట్టకుదురు తీసి భుజాన వేసుకుంది, వంగింది. నోటు గెంతింది. ఇంకో అడుగు వేసి మళ్లీ వంగింది. మళ్లీ గెంతింది. అప్పుడు కల్వర్టు వెనక నుంచి నవ్వులు.

ఆవిడ ఏమీ అనలేదు. చుట్టకుదురు మళ్లీ తలమీద పెట్టుకుని తట్ట దగ్గరకొచ్చి నిలబడింది. నిలబడే ఉంది. నాకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది, నిండు తట్ట దించడం ఒక్కరికి అవుతుంది గానీ ఎత్తుకోవడానికి రెండో మనిషి కావాలి. ఆ ఎండలో ఎవరైనా వస్తారేమో అని చూస్తోంది. నేను వెళ్లి ఎత్తాను, "సల్లగుండు బావూ" అని చెప్పి వెళ్లిపోయింది, నా ముఖంలోకి మాత్రం చూడలేదు.

కల్వర్టు వెనక్కి వెళ్తే ముగ్గురూ మా స్కూలు పిల్లలే, మంచి పిల్లలు, ఒకడు నా ఖోఖో టీంలో చేజర్. "ఆవిడెందుకు అంతసేపు నిలబడింది రా" అని అడిగాను. తెలీదు సార్ అన్నారు. నిజంగానే తెలీదు వాళ్లకి. తట్ట దించితే ఏమవుతుందో తెలీదు, ఇరవై రూపాయలంటే ఆవిడకి ఎన్ని ముంజలో తెలీదు. కోపం బదులు నాకు అప్పుడొచ్చిన ఆలోచన ఏంటంటే వీళ్లలో కసి లేదు, అవతలి మనిషి రోజు ఎలా గడుస్తుందో తెలియకపోవడమే ఉంది. మర్నాడు ముగ్గురితోనూ ఆవిడ సంత నుంచి తిరిగొచ్చే టైముకి అక్కడే నిలబడి తట్ట ఎత్తించాను. ఆవిడ ముందు బెదిరింది, తర్వాత ఒకడికి ముంజ ఒలిచి పెట్టింది.

కాలింగ్ బెల్ సంగతీ ఇంతే. మీకూ నాకూ బెల్ అంటే నాలుగు అడుగులు. డెబ్బై ఎనభై ఏళ్ల మనిషికి లేవడం ఒక పని, కర్ర వెతుక్కోవడం ఒక పని, తడి బాత్‌రూములోంచి కంగారుగా రావడం ఇంకో పని, ఆ వయసులో తుంటి విరిగితే మళ్లీ మంచం దిగని వాళ్లని నేను మా బంధువుల్లోనే చూశాను. ఇంకో నష్టం ఉంది. నాలుగుసార్లు బెల్ మోగి ఎవరూ లేకపోతే అయిదోసారి ఆవిడ లేవదు, ఆ అయిదోసారి వచ్చింది మందులు తెచ్చిన మనిషి కావచ్చు.

ఒక్క విషయంలో మాత్రం నేను చిన్నతనం అని సర్దుకోను. బస్టాండ్ల దగ్గర, సంత దగ్గర మతి స్థిమితం లేనివాళ్లు తిరుగుతుంటారు, వాళ్లకి ఒక పేరు పెట్టి అరిచి పారిపోవడం పిల్లలకి అలవాటు, వాళ్లు రాయి తీస్తే ఇంకా నవ్వడం. ఆ రాయి పిల్లలకి తగలదు, దారిన పోయేవాళ్లకి తగులుతుంది, అప్పుడు జనం కొట్టేది ఆ పిచ్చివాడినే. అలా ఒక మనిషిని జనం కొడుతుంటే మధ్యలో పడి ఆపాను ఒకసారి. మీ బాబుకి ఇది ఇంకా అలవాటు కాకపోతే ఇప్పుడే చెప్పి ఉంచండి.

పిల్లలు ఎందుకు చేస్తారంటే, నేను చూసినంతలో ఒంటరిగా ఏ గుంటడూ చెయ్యడు. ముగ్గురు కలిస్తేనే. ఎవడికి వాడికి లోపల భయమే, పక్కవాడి ముందు పిరికివాడు అనిపించుకోకూడదు అంతే. ఇప్పుడు దీనికి ఫోన్ తోడైంది, నాలుగో వాడు వీడియో తీస్తుంటే మొదటివాడు వెనక్కి తగ్గలేడు. అందుకే మీ బాబుకి ఒక్కడికే చెప్తే సరిపోదు, ఆ నలుగురి తల్లులూ ఒకచోట కూర్చోవాలి, "మీవాడే చెడగొట్టాడు" అనే మాట మాత్రం రానివ్వకండి, వచ్చిందంటే అక్కడితో ఆగిపోతుంది.

కొట్టొద్దు అన్నాను, దానికి నా తప్పు ఒకటి చెప్పాలి. సర్వీసులో కొత్తలో నేను బెత్తం వాడేవాణ్ణి. దారిన పోయే సైకిళ్ల మీద బురద విసిరారని ఇద్దర్ని గ్రౌండ్‌లో అందరి ముందూ బాదాను. నెల తిరక్కుండా అదే పని చేశారు, కాకపోతే ఈసారి దొరక్కుండా చేశారు. ఒకడు నేను ఎదురొస్తే పక్క సందులోకి తిరిగేవాడు, పదో తరగతి అయ్యేదాకా అలాగే. ఆ పిల్లాడికి నేను నేర్పింది దాక్కోవడం ఒక్కటే. 2009 విద్యా హక్కు చట్టం స్కూళ్లలో కొట్టడాన్ని నిషేధించింది గానీ నేను అంతకుముందే మానేశాను, ఆ పిల్లాడి వల్ల.

కొట్టడం బదులు ఏంటంటే, ఎవరికి చేశాడో ఆ మనిషి దగ్గరకి తీసుకెళ్లడం. పాలాయన విషయంలో అదే చేశాం. నలుగురి తండ్రులూ వైద్యం ఖర్చు పంచుకున్నారు, ఆ ఆరు వారాలూ కుర్రాళ్లు వంతుల వారీగా తెల్లవారుజామున లేచి ఇళ్ల నుంచి పాలు పోగుచేసి కేంద్రానికి సైకిళ్ల మీద చేర్చారు. మొదటివారం గొణుక్కున్నారు, తర్వాత తర్వాత ఏ ఇంట్లో ఎన్ని లీటర్లో, ఏ గేదె కొత్తగా ఈనిందో నాకే చెప్పేవారు.

ఇందులో ఒక జాగ్రత్త. ముందు పెద్దవాళ్లు ఒంటరిగా వెళ్లి మాట్లాడాకే పిల్లాణ్ణి తీసుకెళ్లండి. ఒకసారి నేను ఆ పని చెయ్యకుండా పిల్లాణ్ణి వెంటబెట్టుకుని సరాసరి ఒక ఇంటికి వెళ్లాను. ఆ రెండు కుటుంబాలకీ పాత గొడవలున్నాయని నాకు తెలీదు, అక్కడ వాణ్ణి చెంప మీద కొట్టారు, సాయంత్రానికి పదిమంది పోగయ్యారు, క్షమాపణ సంగతి గాలికిపోయింది. ఇంకొకటి, పిల్లాడి చేత "సారీ" అని బట్టీ పెట్టించి అప్పజెప్పించొద్దు, ఏదైనా చిన్న పని చేయించండి, పని చేస్తే మాట దానంతటదే వస్తుంది.

మీ బాబుకి ఇంకో మాట తప్పనిసరిగా చెప్పండి. ఎప్పుడైనా పొరపాటున ఎవరికైనా దెబ్బ తగిలితే పారిపోకూడదు, పెద్దవాళ్లని కేకెయ్యాలి, 108కి ఫోన్ చెయ్యాలి, అప్పుడు ఇంట్లో తిట్లు ఉండవని మీరు మాటివ్వండి. పాలాయన అంతసేపు రోడ్డు పక్కన పడున్నది దారం వల్ల కాదు, ఆ పిల్లలకి ఇంటి దగ్గర ఉన్న భయం వల్ల.

సరదా అంతా ఆపేసి ఇంట్లో కూర్చోబెట్టమని మాత్రం అనట్లేదు. ఈ పనుల్లో పిల్లలకి కావాల్సింది దాక్కోవడం, గుండె దడదడలాడటం, పరిగెత్తడం. అవన్నీ దొంగా పోలీసులో ఉన్నాయి, ఏడు పెంకులాటలో ఉన్నాయి. సాయంత్రం గంటన్నర పార్కింగ్‌లో బళ్లు తీయించి చోటిస్తే చాలు. ఇంట్లో వాళ్లని ఆటపట్టించనివ్వండి, తాతగారి కళ్లజోడు దాచనివ్వండి, ఆయనకి వాడెవడో తెలుసు, వాడి చెవి మెలేసే హక్కు ఆయనకి ఉంది.

బండి ఆయన ఎవరో మీ వాచ్‌మన్‌కి తెలిసి ఉండొచ్చు, అడిగి చూడండి, దొరికితే సరే. మామ్మగారి దగ్గరకి మాత్రం రేపే వెళ్లండి. ఉదయం మీరొక్కరే వెళ్లి విషయం చెప్పి రండి. సాయంత్రం బాబుని తీసుకెళ్లండి, బెల్ వాడిచేతే కొట్టించండి, ఒక్కసారే. తర్వాత మీరేమీ మాట్లాడకండి. లోపల మంచం కిర్రుమనడం, కర్ర చప్పుడు, అడుగు, మళ్లీ అడుగు, గడియ తియ్యడం అన్నీ వాడికి వినపడాలి, ఆవిడ తలుపు తీసేదాకా వాణ్ణి అక్కడే నిలబడనివ్వండి.